చుట్టము వచ్చిన ఇంట పథ్యము

“అతిథి” శబ్దమునకు తరగతిలో మేము సాధారణముగా చెప్పు అర్థము ఒకటి కలదు: తిథి నియమము లేకుండ వచ్చువాడని. విద్యార్థులు దానిని వెంటనే గ్రహింతురు. చెప్పకుండ వచ్చు మేనమామలు ప్రతి యింటను ఉందురు గదా! మనుస్మృతి మూడవ అధ్యాయము చెప్పు అర్థము వేఱు. ఒక్క రాత్రి మాత్రము నిలుచువాడు అతిథి. అతని నిలుకడ నిత్యము కాదు గనుక ఆ పేరు వచ్చినదని యచట నున్నది. మొదటి వ్యుత్పత్తి రాకను గూర్చినది, రెండవది ఉనికిని గూర్చినది. మనము మొదటిదానిని కంఠస్థము చేసి, రెండవదానిని అటక మీద పెట్టితిమి. చుట్టమున్నన్నాళ్లు ఇంట పథ్యము నిలువదని నేడు ఎందఱో వాపోవుచున్నారు. ఆ బాధకు మూలము చాలవఱకు ఇచ్చటనే యున్నదని నా తలంపు.

ఒక్క రాత్రి విందు ఎవరి ఆరోగ్యమును చెఱుపదు. ఏడాదిలో నాలుగు పండుగ పూటలు గడచినంతమాత్రమున ఏ వైద్యుడును రోగిపై ఆశ వదలుకొనడు. చెఱుపునది పది దినముల విందు. పెండ్లికి వచ్చిన బంధువు పదునాఱు పండుగ వఱకు ఉండును; వేసవి సెలవులకు వచ్చిన ఆడబిడ్డ పిల్లలతో నెల యుండును; ఉద్యోగపు పరీక్షకు చదువవచ్చిన మేనల్లుడు ఎన్నాళ్లుండునో పరీక్షలు జరిపించువారికే తెలియవలెను. వీరిలో ఎవరును ఉండదగనివారని నేననుట లేదు. ఇల్లన్నాక మనుష్యులు రావలెను, ఉండవలెను. కాని ఒక్క రాత్రి నిలుచువానికి విధింపబడిన మర్యాదను ముప్పది రాత్రులు నిలుచువానికి పూటపూటకు చెల్లింపబూనుట శాస్త్రమును కాదు, స్నేహమును కాదు.

పథ్యమనగా నేను ఇటీవల పట్టణములలో ప్రబలిన ఉపవాస విన్యాసములను ఉద్దేశించుట లేదు. వేళకు భుజించుట, అన్నము కొంత తగ్గించి కూరను పప్పును పెంచుట, ఉప్పు చక్కెరలను అదుపులో నుంచుట, భుజించిన పిదప కొంతసేపు నడచుట, ఇంతమాత్రమే. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024 లో ప్రకటించిన ఆహార సూత్రములును ఇంచుమించు ఇదే చెప్పుచున్నవి: దినమునకు కావలసిన శక్తిలో ధాన్యముల వాటా 45 శాతమునకు మించరాదు, ఉప్పు 5 గ్రాములు దాటరాదు. మన కంచమును ఒక్కమాఱు నిజాయితీగా పరికించినచో, మధ్యనున్న తెల్లని కొండ ఎంత, దాని యంచున నున్న కూర యెంత యను లెక్క ఎవరికి వారే వేసికొనవచ్చును.

ఈ పథ్యము అవసరమైనవారి సంఖ్య చిన్నది కాదు. భారత వైద్య పరిశోధన మండలి పక్షమున జరిగి 2023 లో వెలువడిన సర్వే ప్రకారము మన దేశములో మధుమేహము కలవారు 10 కోట్ల 10 లక్షలమంది. దాని వాకిట నిలిచియున్నవారు మఱి 13 కోట్ల 60 లక్షలమంది. వయోజనులలో ఇంచుమించు తొమ్మండుగురిలో ఒకరికి ఆ వ్యాధి యున్నదన్నమాట. ఉపాధ్యాయ మిత్రులు తమ పాఠశాలలో మధ్యాహ్న విరామవేళ సిబ్బంది గదిని ఒక్కమాఱు చూచినచో వేఱు నిదర్శనము అక్కఱలేదు. డబ్బా మూత తీయకముందు చొక్కా జేబులోనుండి మాత్రల చీటి తీయువారు ఇద్దఱు ముగ్గురైన అచట ఉందురు.

పోచంపల్లి వంటి చేనేత గ్రామమున ఈ విషయమునకు ఇంకొక బరువున్నది. ఇచటి నేతలో రంగుల రూపు మగ్గము మీద పుట్టదు. నూలును లెక్క ప్రకారము కట్టి, కట్టిన చోట రంగు అంటకుండ ముంచి, విప్పి, మఱల కట్టి, మఱల ముంచి, ఆ పిదపనే నేతకు కూర్చుందురు. ఆ పోగులను సరిచూచుకొనుటకు కన్ను కావలెను. గుంట మగ్గమున త్రొక్కుటకు పాదము కావలెను. మధుమేహము అదుపు తప్పిననాడు మెల్లమెల్లగా హరించునవి ఈ రెండే: కంటిలోని సన్నని నెత్తురు గొట్టములను, పాదములోని స్పర్శను. ఆఫీసులో కూర్చుండువానికి కంటి మసక ఒక యిబ్బంది. నేతగానికి అది జీవనోపాధి పోవుట. కావున ఇచటి ఇంటిలో ఒక యిల్లాలు “ఈ పది దినములు ఏమగును లే” యని పథ్యమును ప్రక్కన పెట్టినప్పుడు, ఆ మాట చెవికి తోచినంత తేలికైనది కాదు.

ఇక చుట్టమునకు పెట్టు వంట సంగతి. నల్లగొండ, మహబూబునగరు మెట్టసీమలలో మా తాతల కాలమున దినదినము తిన్నది జొన్నరొట్టె, జొన్నగటక, సజ్జరొట్టె, అంబలి. చెఱువు క్రింద నాలుగు మడులున్నవారికి తప్ప వరియన్నము పండుగకును, చుట్టమునకును, రోగికిని పెట్టు వస్తువు. “బియ్యపు బువ్వ” యని ప్రత్యేకముగా పేరు పెట్టి పిలిచిరన్నచో దాని యరుదుతనము తెలియును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1983 లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. పేదవాని పొయ్యి మీదికి అన్నము దినదినము ఎక్కినది. 2025 ఉగాదినాడు, పాత నల్లగొండ జిల్లాలోనిదే యైన హుజూర్‌నగరులో, రేషను దుకాణములలో సన్నబియ్యము ఇచ్చు పథకము ప్రారంభమైనది. ఆకలి తీఱుటను నిందించువాడు మూర్ఖుడు, నేనట్లు నిందింపను. కాని ఒక విచిత్రము గమనింపవలెను. చుట్టపు కూడు నిత్యపు కూడైనప్పుడు, చుట్టమునకు దానికంటె మించినది ఏదో పెట్టవలసి వచ్చినది. అన్నము పోయి బగారన్నము వచ్చెను. దానిప్రక్కన కోడికూర, నూనెలో వేగిన గారెలు, నేతిలో తడిసిన పోలెలు, కడపట గ్లాసెడు చల్లని తీపి నీరు వచ్చెను. వెనుక పాయసము ఒక్కటే తీపి. ఇప్పుడు తీపి ప్రతి పూట యొక్క హక్కు.

అదే సమయమున వైద్యుడు చీటిమీద వ్రాయుచున్నది ఏమి? జొన్నరొట్టె! తాత తిన్నదానిని మనుమనికి మందుగా వ్రాయుచున్నారు. ఇందులో నవ్వవలసినది కొంత, ఆలోచింపవలసినది చాల యున్నవి. ఇంటివారికి జొన్నరొట్టె, చుట్టమునకు బగారన్నము అని రెండు పొయ్యిలు వెలిగించు ఇండ్లను నేనెఱుగుదును. పథ్యము చెడుటకు ఇంతకంటె సూటియైన త్రోవ లేదు. ఏలయన, ఒక గిన్నెలో మషాలా గుమగుమలాడుచుండగా రెండవ గిన్నెలోని దానితో తృప్తిపడువాడు యోగి. మన యిండ్లలో యోగులు తక్కువ.

జొన్నకూటిపై చిన్నచూపు నేటిది కాదు. శ్రీనాథునివిగా ప్రచారములోనున్న చాటువులలో పల్నాటి జొన్నకూటిపై వెక్కిరింత మనమందఱము చదివినదే. రాజాస్థానముల సన్నన్నమునకు అలవడిన నాలుక అట్లే మాటలాడును. కాని రాజే స్వయముగా కవియైనప్పుడు ఏమనెనో చూడుడు. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసములో విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరున భాగవతులకు పెట్టు భోజనములను కృష్ణదేవరాయలు ఋతువులవారిగా వర్ణించెను. వానకాలమున వేడి యన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వడియములు, వరుగులు. చలికాలమున మిరియపు ఘాటు గల కూరలు, ఆవ పెట్టిన పచ్చళ్లు. వేసవిలో గోరువెచ్చని యన్నము, చారులు, చెఱకురసము, లేత కొబ్బరినీరు, వీనితోబాటు పలుచని అంబళ్లు. అంబలి! ఒక చక్రవర్తి తన మహాకావ్యములో విష్ణుభక్తుల విస్తరికి అంబలిని అర్పించెను. మనమో, పట్టణమునుండి వచ్చిన బావమఱదికి అంబలి ఇచ్చుటకు సిగ్గుపడుచున్నాము.

ఆ పద్యములను పాఠము చెప్పునపుడు మేము సాధారణముగా రాయల లోకజ్ఞతను, వర్ణనా వైచిత్రిని మెచ్చుకొని ముందునకు సాగుదుము. వానిలో ఆతిథ్యమునకు ఒక నిర్వచనము దాగియున్నదని విద్యార్థులకు చూపదగును. విష్ణుచిత్తుడు అతిథికి పెట్టినది అన్నిటికంటె ఖరీదైనది కాదు. ఆ కాలమున ఆ దేహమునకు హితమైనది. పథ్యమను మాటకును అర్థమదే గదా. పెట్టుటలో ప్రేమ యనగా ఎదుటివాని కడుపును గూర్చిన యాలోచన యని ఆయన ఎఱుగును. ఇంకొక సంగతి కూడ అచటనే యున్నది, నాకు మిక్కిలి ప్రియమైనది. వానకాలపు వంటను వర్ణించుచు రాయలు, వంటచేయు ఇల్లాలి కంటికి పొగ తగులకుండ కట్టెలకు బదులుగా కొబ్బరిచిప్పలు పొయ్యిలో పెట్టించెను. అతిథి విస్తరిని వర్ణించుచున్న కవికి వంటింటిలోని స్త్రీ కన్ను జ్ఞాపకమున్నది.

మన సాహిత్యమున దీనికి ఎదురు కొసను నిలిచినది సిరియాళుని కథ. మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పెను, పిదప శ్రీనాథుడు హరవిలాసమున చెప్పెను. జంగమ రూపమున వచ్చిన శివుడు కోరగా కన్నకొడుకునే వండి పెట్టిన దంపతుల కథ అది. భక్తికథగా దాని స్థానము దానిది. తుదకు బాలుడు బ్రదికి వచ్చును. కాని మన యిండ్ల ఆతిథ్యము తెలియకుండనే ఈ కథనే ఆదర్శముగా పట్టుకొన్నట్లు నాకు తోచును: అతిథి యెదుట ఇంటివాని దేహమునకు విలువ లేదన్నట్లు. కథలో శివుడు ప్రాణము తిరిగి యిచ్చెను. మన చుట్టము, పాపము, మంచివాడే గాని, పోయిన కంటిచూపును తిరిగి ఇయ్యజాలడు.

శాస్త్రమునైన అడుగుదము. అతిథి భుజించిన పిదపనే గృహస్థు భుజింపవలెనని మనుస్మృతి చెప్పినమాట నిజమే. ఆ గ్రంథమున నేడు మనము విడిచినవి, విడువవలసినవి ఎన్నియో యున్నవి. దానిని నేను ప్రమాణముగా పట్టుకొనుట లేదు. “శాస్త్రమొప్పదు” అని పెద్దలు నోరు మూయించుచుందురు గనుక ఆ శాస్త్రమే యేమన్నదో చూపుట అవసరము. అదే మూడవ అధ్యాయమున ఆ నియమమునకు మినహాయింపు కలదు. క్రొత్తగా పెండ్లియైన స్త్రీలకు, బాలికలకు, రోగులకు, గర్భిణులకు అతిథికంటె ముందే, మఱి యాలోచన లేకుండ, భోజనము పెట్టవలెనని అచట స్పష్టముగా నున్నది. రోగి అతిథికంటె ముందు తినవచ్చును. ఆలోచన లేకుండ పెట్టుమన్న మాట గమనింపుడు. మొగమాటపడవద్దనియే దాని భావము.

ఈ మినహాయింపు నేడు ప్రాణావసరమైనది. మధుమేహమునకు వాడు కొన్ని రకముల మాత్రలు, ఇన్సులిన్ సూది, తీసికొన్న పిదప వేళకు తినకపోయినచో నెత్తురులోని చక్కెరను ఉండవలసినదానికంటె క్రిందికి దింపును. చెమట పట్టును, చేతులు వణకును, కండ్లు తిరుగును, మాట తడబడును. ఇంకను ఆలస్యమైనచో స్పృహ తప్పును. చుట్టము మధ్యాహ్నము ఒంటిగంటకు వత్తునని ఫోను చేసెను, బస్సు దొరకలేదు, మూడైనను రాలేదు. ఇంటి పెద్ద ఉదయముననే మాత్ర వేసికొని, “ఆయన వచ్చినాక కలిసి తిందము” అని గుమ్మమున కూర్చుండును. ఇట్టి దృశ్యము ఏ యింట జరుగలేదు? చక్కెర పెరుగుటను గూర్చి అందఱమును భయపడుదుము. చుట్టముకొఱకు ఎదురుచూచుటలో వెంటనే ముంచుకొని వచ్చు అపాయము చక్కెర పడిపోవుట. ఈ యొక్క సంగతిని ఉపాధ్యాయులు తరగతిలో చెప్పినచో, పిల్లలు ఇంటికి పోయి నాయనమ్మకు చెప్పుదురు. పిల్లలు చెప్పిన మాట కొన్ని యిండ్లలో వైద్యుని మాటకంటె త్వరగా చెల్లును.

మొగమాటమని యంటిని. పాతతెలుగున దీనికి “మొగమోటము” అను రూపమును కలదు. పేరేదైనను, పథ్యమునకు అసలు శత్రువు నూనె కాదు, చక్కెర కాదు, ఈ మొగమాటమే. దాని పని వంటింటికంటె ముందు చావడిలోనే మొదలగును. పోచంపల్లి హైదరాబాదునకు దూరము కాదు. 2021 లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ దీనిని ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎన్నుకొన్నది. చీరలు కొనవచ్చువారు, చూడవచ్చువారు, చుట్టములు, చుట్టముల స్నేహితులు, ఎవరో ఒకరు గుమ్మమెక్కుచునే యుందురు. వచ్చిన ప్రతివానికిని చాయ్. వానితోబాటు ఇంటివానికిని చాయ్. తాను త్రాగక ఎదుటివానికి మాత్రము ఇచ్చుట ఎట్లో యని అతని బాధ. దినమునకు ఐదు చాయ్‌లు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల చక్కెర. చెంచా నాలుగు గ్రాములనుకొన్నను 40 గ్రాములు. ఆరోగ్యవంతునికే అట్టి చక్కెర దినమునకు 25 గ్రాములలోపున నుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 లో చెప్పినది. అన్నమునకు కూర్చుండకముందే లెక్క దాటినది. ఇందులో ఆకలి యెచట? రుచి యెచట? కేవలము ముఖము చూచి త్రాగిన చక్కెర.

ఆపై చుట్టము తెచ్చిన మిఠాయి పెట్టె. ఉత్త చేతులతో రాకూడదని అతడు తెచ్చును. తెచ్చినవాని యెదుట విప్పి తినకున్న బాగుండదని మనము తిందుము. ఇరువురును మర్యాదస్థులే, ఇరువురిలో ఎవరికిని అది అక్కఱలేదు. అతనికిని ఇంటి దగ్గఱ పథ్యమే యని పదిమాఱులలో ఆఱుమాఱులు తరువాత తెలియును! “మీరు తినకపోతే నేనెట్ల తింట” అను వాక్యమును మన చావడులలోనుండి కొంతకాలము బహిష్కరింపగలిగినచో ఎంత మేలు!

అన్నిటికంటె నన్ను కలతపెట్టునది ఇల్లాలి సంగతి. మగవానికి పథ్యమున్నచో ఇల్లంతయు దానిచుట్టు తిరుగును, చుట్టమునకును చెప్పుదురు. ఇల్లాలికి పథ్యమున్నచో అది ఆమె సొంత వ్యవహారము. చుట్టమున్న దినములలో ఆమె అందఱికంటె ముందు లేచి, అందఱికిని వడ్డించి, అందఱికంటె వెనుక తినును. వెనుక తినువారికి మిగులునది ఏది? కూర ముందుగానే అయిపోవును, అన్నము మిగులును. ఆకుకూర మిగులదు, గారెలు మిగులును. పాఱవేయుటకు చేయిరాక ఆమె తినునదంతయు ఆమెకు కూడనిదే. మూడు పూటల వంటతో నడచుటకు తీఱిక యుండదు. పది దినముల తరువాత చుట్టము “అక్క చేతివంట అమృతము” అని పొగడి బస్సెక్కును. ఆమె చక్కెర లెక్క తీయించుకొనుటకు భయపడి ఆ నెల ఆసుపత్రికే పోదు. రాయల కావ్యములోని కొబ్బరిచిప్పలు నాకు గుర్తుకు వచ్చునది అప్పుడే.

దీనికి ప్రతిక్రియ ఏమని కొందఱు మిత్రులు అడిగిరి. చుట్టములను తగ్గించుకొనవలెనని పట్టణవాసులు చెప్పు ఉపాయము నాకు రుచింపదు. మనుష్యులు రాని యింట ఎంత పథ్యముగా తిన్నను ఒంటికి పట్టదు. చుట్టమున్నన్నాళ్లు పథ్యమునకు సెలవిచ్చి, తరువాత చూచుకొందమను వాదమును నాకు సమ్మతము కాదు; మన యిండ్లలో ఆ “తరువాత” వచ్చులోపల మఱియొక చుట్టము వచ్చును. నాకు తోచినది, మొదటి పూట అతిథి పూట, రెండవ పూటనుండి అతడు ఇంటివాడు. మొదటి పూట పోలెలు చేయుడు, కోడిని కోయుడు, కొసరి కొసరి వడ్డింపుడు. మీరును రెండు ముద్దలు తినుడు. మఱునాటినుండి ఇంటి కంచమే అతని కంచము: జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, ఒక తాలింపు కూర, మజ్జిగ, కొలతగా అన్నము. చుట్టమునకు ఇంటి తిండి పెట్టుట తక్కువచేయుట కాదు. అతనిని లోపలికి తీసికొనుట. ఇది కూడ, పోచంపల్లి నూలువలె, ముందే కట్టుకొనవలసినది. చుట్టము కంచము ముందు కూర్చున్న పిదప నిర్ణయింపబూనినచో రంగు కాఱును.

జొన్నను గూర్చి ఒక హెచ్చరిక చేసి తీఱవలెను. ఏలయన, ఇటీవల దానిని అమృతమనుచున్నారు. 1960 లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య గారలు, జొన్నయే ప్రధానాహారముగా బ్రదుకు ఈ ప్రాంతపు పేదలలో పెల్లాగ్రా యను చర్మవ్యాధి కనబడుటను గూర్చి వ్రాసిరి. ఒట్టి జొన్నగటకతో పొట్టనింపుకొనవలసి వచ్చినవారి వ్యాధి అది. జొన్నకు తోడు పప్పు, ఆకుకూర, పాడి యుండవలెను. మఱియు జొన్నయైనను ధాన్యమే. రెండు రొట్టెలు చాలినచోట ఐదు తిన్నచో చక్కెర దానిని మన్నింపదు.

పోచంపల్లికి వచ్చిన అతిథులలో చరిత్రకెక్కినవాడు 1951 ఏప్రిల్ 18 న వచ్చెను. వార్ధా ప్రాంతమునుండి శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు నడచి వచ్చి, అచటినుండి తెలంగాణ పల్లెలలో తిరుగుచు వినోబా భావే ఇచట ఆగెను. నలుబది హరిజన కుటుంబములు 80 ఎకరముల భూమి కావలెననగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇత్తుననిరి. భూదానోద్యమము అట్లు పుట్టినది. ఈ కథ మన పిల్లలకు పాఠమే. పాఠములో లేనిది ఒకటి చెప్పుదును. వినోబాకు కడుపులో పుండు ఉండెడిది. భూదానయాత్ర సాగిన సంవత్సరములలో ఆయన పాలు, పెరుగు వంటి మితాహారముతోనే దినదినము మైళ్లకొలది నడచెను. ఊరూర అతిథియైనవాడు ఏ యూరి విందుకొఱకును తన పథ్యమును మార్చుకొనలేదు. ఏ యూరును దానిని అవమానముగా తలపలేదు. ఆయన మహాత్ముడు గనుక చెల్లినదని కొందఱందురు. కాదు. ముందే అందఱికిని తెలిసియున్నది గనుక చెల్లినది. తనకేది పడునో, ఏది పడదో చుట్టము ఫోనులోనే చెప్పుట, ఇంటివాడును తన సంగతి చెప్పుట, ఇందులో ఎవరి గౌరవమును తగ్గదు. అతిథికిని ధర్మమున్నది. వేళకు రాలేనిచో “మీరు తినండి” అని ముందే కబురు చేయవలెను. వడ్డించు చేయి అడ్డుపెట్టినప్పుడు మఱల బలవంతపెట్టరాదు. మిఠాయికి బదులు నాలుగు జామకాయలు తేవచ్చును.

పోచంపల్లిలో నేనెఱిగిన ఒక చేనేత కుటుంబమున్నది. ఆ యింటి యిల్లాలికి కొంతకాలముగా మధుమేహము. ఆమె తమ్ముడు షోలాపురములో నుండును. మన నేతవారు షోలాపురమునకు, భీవండికి వలసపోయి అచటనే స్థిరపడిన సంగతి తెలిసినదే గదా. గత వేసవిలో అతడు పెండ్లికి వచ్చి పది దినములు నిలిచెను. ఏండ్లకు వచ్చిన తమ్ముడు. మూడు దినములు బగారన్నము, గారెలు, పాయసము సాగినవి. నాలుగవనాడు అతడే నోరు విప్పెను: “అక్కా, రోజు గిదేనా? మా దిక్కు రోజు జొన్న భాకరే తింటం గద. నీ చేతి రొట్టె తినక ఎన్నేండ్లాయె, చేసిపెట్టరాదు?” షోలాపురము జొన్నరొట్టెకే పేరుపొందినదని ఆమెకు తట్టలేదు. పట్టణమునుండి వచ్చినవానికి రొట్టె పెట్టుటెట్లని ఆమె సంకోచించుచుండగా, అతడు దానికొఱకే మూడు దినములుగా మొగమాటపడుచుండెను!

ఆ మఱునాడు నేను ఏదో పనిమీద ఆ యింటికి పోతిని. మధ్యాహ్నము ఒంటిగంట. తమ్ముడు బజారునకు పోయి ఇంకను రాలేదు. ఆమె కంచములో రెండు రొట్టెలు, చింతచిగురు పప్పు పెట్టుకొని కూర్చుండి, ఫోనులో చెప్పుచుండెను: “తమ్మీ, నాకు గోలి ఏస్కునే యాళ్లయింది, నేను తింటున్న. నువ్వొచ్చినంక నీకు వేడివేడిగ రొట్టె కొట్టిపెడ్త.” ఆవలినుండి అతడేమనెనో నాకు వినబడలేదు. ఆమె నవ్వి, ఫోను ప్రక్కన పెట్టి, రొట్టె విఱిచెను.